నెలలు నిండని శిశువు – తల్లి మేని వెచ్చదనము

గర్భస్థశిశువు పూర్ణముగా నెదుగుటకు సుమారు 40 వారములు పట్టును. 37 వారములు నిండకమునుపే జనించినవారిని నెలలు నిండని శిశువులని వైద్యులు చెప్పుదురు. ఇట్టి జననము ఎక్కడనో యొకచోట జరుగు వింత యని యనేకులు తలంచుచున్నారు. కాని యట్లు కాదు. 2020వ సంవత్సరమున లోకమందు 1 కోటి 34 లక్షలమంది శిశువులు ఈ విధముగా ముందుగా జనించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు లెక్కగట్టిరి. అనగా పదిమంది శిశువులలో సుమారు ఒకరు ఈ తెగవారే. వీరిలో సుమారు 30 లక్షలమంది భారతదేశమున జనించినవారు. అయిదేండ్లలోపు పిల్లల మరణములకు గల కారణములలో నిదియే మొదటిది. మన తరగతి గదులలో ముందు బల్లలమీద కూర్చుండి పాఠములు వినుచున్న బాలబాలికలలోనే కొందఱు ఇట్లు జనించి బ్రతికి బయటపడినవారై యుందురు. వారి తల్లుల నడిగిన తెలియగలదు.

అట్టి శిశువును బ్రతికించు సాధనములలో మిక్కిలి శక్తిగల యొకదానిని గూర్చి యిందు వ్రాయదలచితిమి. అది మందు కాదు, యంత్రము కాదు. బిడ్డకు చొక్కా తొడుగక, తల్లి వట్టి ఱొమ్ముమీద నిలువుగా నానించి, గుడ్డతో కట్టి, రేయింబవళ్లు అట్లే మోయుట. దీనికి కంగారు తల్లి సంరక్షణమని పేరు. ఆస్ట్రేలియా దేశపు ఎఱ్ఱ కంగారు గర్భమందు పిల్ల 33 దినములు మాత్రమే యుండును. జనించినప్పుడు దాని బరువు ఒక గ్రామునకును తక్కువ. కన్నులు తెఱవనిది, మేన వెండ్రుక లేనిది. ఐనను తల్లి పొట్టమీది బొచ్చును పట్టుకొని ప్రాకుచు సంచిలో దూఱి, చనుమొనను నోట పట్టుకొని, ఆఱు నెలలకు పైగా నక్కడనే పెరుగును. ఆ జంతువును చూచియే యీ విధానమునకు పేరు పెట్టిరి. తెలుగున కంగారనగా తొట్రుపాటని యర్థము గావున మా విద్యార్థులు ఈ పేరు విని నవ్వుదురేమో. ఈ విధానమునకు కావలసినది దానికి సరిగా వ్యతిరేకమైన గుణము.

ఇది యేల పనిచేయునో తెలిసికొనుటకు ముందుగా ఆ శిశువు స్థితి తెలియవలయును. ముందు జనించిన బిడ్డకు వచ్చు మొదటి యపాయము చలి. మన వేసవిలో బిడ్డకు చలి యేమని యడుగవచ్చును. గంగాళము నిండ కాగిన నీరును, చిన్న గిన్నెలో కాగిన నీరును ప్రక్కప్రక్కన దించి యుంచినచో గిన్నెలోని నీరే ముందుగా చల్లాఱుట ప్రతి యింటివారును ఎఱిగినదే. వస్తువు చిన్నదగుకొలది, లోపలి పరిమాణముతో పోల్చిచూడ, దాని పైతలము ఎక్కువగును. వేడి పోవునది యా పైతలమునుండియే. కిలోగ్రామున్నర బరువుగల శిశువు ఆ చిన్న గిన్నె వంటిది. అంతేకాదు. చర్మము క్రింది క్రొవ్వుపొర గర్భవాసపు కడపటి వారములలో గాని చక్కగా నేర్పడదు. మెడ చుట్టును, భుజముల నడుమను ఉండి వేడిని పుట్టించు గోధుమవన్నె క్రొవ్వును అప్పటికి చాలినంత యుండదు. మనవలె వణకి వేడి తెచ్చుకొనుట శిశువునకు చేతగాదు. చర్మము మిక్కిలి పలుచన గావున లోని తడి యావిరియై పోవుచుండును. మట్టికుండలోని నీరు చల్లబడుటకు గల కారణమే యిచ్చటను పనిచేయును.

చల్లబడిన శిశువు తన మేని వేడిని నిలుపుకొనుటకు ప్రాణవాయువును చక్కెరను వ్యయపఱచును. ఆ రెండును దానియొద్ద స్వల్పము. చక్కెర తఱిగినకొలది నీరసించును, నీరసించినకొలది పాలు త్రాగదు, త్రాగకున్న మఱింత చల్లబడును. శ్వాసను నడపు మెదడు భాగము పక్వము కాకుండుటచే కొందఱు శిశువులు ఊపిరి తీయుటయే మఱచి కొన్ని క్షణములు ఊరకుందురు. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడు పనులను పొందికగా జేయు నేర్పు సుమారు 34 వారములకు గాని కుదురదు. గర్భములో గడపు ప్రతి వారమును ఈ కొఱతలను కొంత పూరించును. ఏడవ నెల బిడ్డ బ్రతుకునుగాని యెనిమిదవ నెల బిడ్డ బ్రతుకదను మాట మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. దీనికి ఆధారమేమియు లేదు. ఎనిమిదవ నెల బిడ్డ యేడవ నెల బిడ్డకంటె బలవంతుడే. ఈ మాట నమ్మి బిడ్డపై నాస వదలుకొని వైద్యశాలకు తీసికొనిపోకుండుట కంటె ఘోరము లేదు.

చలియే శత్రువని పాశ్చాత్య వైద్యులు చాలకాలము క్రిందటనే గ్రహించిరి. పారిస్ నగరమున స్తెఫాన్ తార్నియే యను ప్రసూతివైద్యుడు కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెను చూచి, అట్టిదే శిశువులకు చేయించి, 1880–81 ప్రాంతమున తన ప్రసవశాలలో నుంచెను. రెండు కిలోగ్రాములకు తక్కువ బరువుగల శిశువులలో నూటికి 66 మంది మరణించుచుండగా, ఆ పెట్టెల మూలమున నా సంఖ్య 38కి దిగెనని వ్రాయబడియున్నది. మనము నేడు ఇంక్యుబేటరు అని పిలుచు యంత్రమునకు ఇదియే పూర్వరూపము. తార్నియే శిష్యుడైన పియెర్ బుదాన్ మఱొక విషయమును గమనించెను. పెట్టెలో బిడ్డ బ్రతికినను, వారములకొలది దానిని తాకక, పాలీయక దూరముగ నున్న తల్లులలో కొందఱికి ఆ బిడ్డపై మమత సన్నగిల్లుచుండెను. కొందఱు బిడ్డను విడిచియే పోవుచుండిరి. అందుచే తల్లులు వచ్చి పాలీయవలయునని యతడు పట్టుపట్టెను. ఆ మాట తరువాతివారు తగినంత చెవిని బెట్టలేదు. అమెరికాలోని కోనీ ఐలండ్ అను వినోదస్థలమందు 1903 మొదలు 1943 వఱకు మార్టిన్ కౌనీ యను నతడు ఇట్టి శిశువులను గాజుపెట్టెలలో నుంచి, టిక్కెట్టు పెట్టి జనులకు చూపెను. చూడవచ్చినవారి సొమ్ముతోనే శిశువులను పోషించి, తల్లిదండ్రులయొద్ద కాసును తీసికొనలేదు. వేలకొలది శిశువులు బ్రతికిరి. ఆ ప్రదర్శనను మేము మెచ్చజాలము, ఆ మనుష్యుని దూషింపనుజాలము.

తరువాతి కాలమున ఇంక్యుబేటరులు ఆసుపత్రులలో స్థిరపడెను. అంటువ్యాధుల భయముచే తల్లి గాజుతలుపు వెలుపలనే నిలిచిపోయెను. బిడ్డ యంత్రమునకును, నర్సులకును చెందినదాయెను. తల్లి చూడవచ్చిన యతిథి యాయెను.

ఈ యేర్పాటును తలక్రిందులు చేసినది సంపన్నదేశము కాదు. దక్షిణ అమెరికాలో కొలంబియా యను దేశమున్నది. దాని రాజధాని బొగోటా సముద్రమట్టమునకు రెండువేల ఆఱువందల మీటర్ల యెత్తున, కొండల నడుమ, చల్లని ప్రదేశమందున్న నగరము. అచ్చటి పేదల ప్రసవశాలయందు ఇంక్యుబేటరులు చాలక, ఒక్కొక్క దానిలో నిద్దఱు ముగ్గురు శిశువులను పరుండబెట్టవలసి వచ్చెడిది. ఒకని రోగము మఱొకని కంటుకొనెడిది. తల్లుల నింటికి పంపివేయగా కొందఱు తిరిగి రాకుండిరి. ఈ దురవస్థలో 1978వ సంవత్సరమున ఎడ్గార్ రే సనాబ్రియా యను శిశువైద్యుడు ఒక యుపాయమును పన్నెను. మొదటి ప్రమాదమునుండి గట్టెక్కిన శిశువును తల్లి ఱొమ్మునకు కట్టి యామె యొద్దనే యుంచుట, తల్లిపాలే యిచ్చుట, త్వరగా నింటికి పంపి, కట్టుతోడనే మరలమరల వైద్యశాలకు రప్పించి పరీక్షించుట. మఱుచటి సంవత్సరము ఎక్తోర్ మార్తీనెస్ అను వైద్యుడు అతనితో కలసి యా పనిని సాగించెను. పెట్టెలు లేక చేసిన పని యది. తల్లి పెట్టెకంటె మేలని సిద్ధాంతము చేయుటకు వారు బయలుదేరలేదు.

ఇప్పుడు ఆ కట్టు నెట్లు కట్టుదురో వివరింతుము. తల్లి రవిక విప్పి, ముందుకు తెఱచుకొను వదులైన వస్త్రమును తొడుగుకొనును. శిశువునకు తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, మొలకు గుడ్డ తప్ప మఱేమియు నుండరాదు. రెండు స్తనముల నడుమ బిడ్డను నిలువుగా, ఱొమ్మున కెదురుగా ఱొమ్ము తగులునట్లు ఆనింతురు. తల నొక ప్రక్కకు త్రిప్పి, గడ్డము ఱొమ్మున కానక కొంచెము పైకి లేచియుండునట్లు చూతురు. గడ్డము క్రిందికి వ్రాలినచో ఊపిరి గొట్టము నొక్కుకొనును. తొడలు ఎడముగా, మోకాళ్లు ముడుచుకొని, చేతులును ముడుచుకొని, కప్పవలె నుండవలయును. అటుపిమ్మట మెత్తని నూలుగుడ్డతో తల్లిని బిడ్డను కలిపి చుట్టుదురు. గుడ్డ పై యంచు బిడ్డ చెవి క్రిందికి వచ్చును. ఱొమ్ముభాగమున బిగువుగాను, పొట్టభాగమున వదులుగాను ఉండవలయును. ఏలయన పసిబిడ్డ పొట్టతోనే ఊపిరి పీల్చును. మొగము ఎల్లప్పుడును తల్లికి కనబడుచుండవలయును. ముసుగు వేయరాదు. తల్లి నడువవచ్చును, కూర్చుండవచ్చును. నిద్రించునప్పుడు వెల్లకిల చదునుగా గాక, తలగడలనానుకొని యేటవాలుగా పరుండవలయును.

దినమునకు ఎంతసేపు? పూర్వము గంటయో రెండు గంటలో చాలునని తలంచెడివారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022వ సంవత్సరమున చెప్పినది 8 గంటలు మొదలు 24 గంటల వఱకు, ఎంత యెక్కువ సాధ్యమైన నంత. ఒకసారి కట్టిన తరువాత గంటకు తక్కువగా విప్పుట మంచిది కాదు. మాటిమాటికి ఎత్తి దించుట శిశువున కలసట.

ఆ కట్టులో జరుగుచున్న దేమన: తల్లి చర్మము నుండి వేడి తిన్నగా బిడ్డకు చేరును. బిడ్డ చల్లబడినప్పుడు తల్లి ఱొమ్ము వేడెక్కుటయు, బిడ్డ వెచ్చబడిన పిమ్మట తగ్గుటయు పరిశోధకులు కొలిచి చూచిరి. కవలలను చెఱియొక స్తనమువైపున నుంచి చూచిన యొక చిన్న పరిశోధనలో, ఏ వైపు బిడ్డకు తగినట్లు ఆ వైపు ఱొమ్ము వేఱుగా వేడిని సర్దుకొనుచున్నట్లు 2006వ సంవత్సరమున తెలిసెను. ఎంత చక్కని యంత్రమైనను మనుష్యుడు తిరుగు మీటను బట్టియే నడచును. ఇచ్చట మీట త్రిప్పువాడు లేడు. తల్లి ఱొమ్ము ఊపిరితో లేచిపడుట బిడ్డకు మెత్తని తట్టు వంటిది, అది ఊపిరిని జ్ఞప్తి చేయును. తల్లి చర్మముమీద సహజముగా నుండు సూక్ష్మజీవులు బిడ్డ మేన నివాస మేర్పఱచుకొని, ఆసుపత్రి గదిలోని మొండి సూక్ష్మజీవులకు చోటీయవు. ఆ సూక్ష్మజీవులకు విరుగుడు తల్లిపాలలోనే యుండును. బిడ్డ మీదనున్న తల్లికి పాలు సమృద్ధిగా పడును. చప్పరింపలేని శిశువునకు ఆ పాలను పిండి, సన్నని గొట్టముతోనో, గిన్నెతోనో, ఉగ్గుగిన్నెతోనో రెండేసి గంటల కొకసారి పట్టుదురు. చక్కగా పెరుగు శిశువు తన బరువున కిలోగ్రామొక్కంటికి దినమునకు 15 గ్రాముల చొప్పున పుష్టి పొందును. ఈ లెక్కను చూచుటకే దినదినమును తూచుట.

ఈ విధానమునకు లోకము వెంటనే తలయొగ్గలేదు. ఒగ్గకుండుటయే న్యాయము. 1980 తరువాతి దశకమున యూనిసెఫ్ సంస్థ దీనిని చాట జొచ్చినప్పుడు, బ్రిటిష్ వైద్యులిద్దఱు బొగోటాకు పోయి స్వయముగా పరీక్షించి, 1985వ సంవత్సరమున లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో తమ సందేహములను వెలిబుచ్చిరి. మొదటి దినముల గండము గడచిన శిశువులనే కట్టుకు తీసికొనుచుండగా, అన్ని శిశువులును చేరిన పూర్వపు లెక్కలతో పోల్చి మరణములు తగ్గెననుట సరికాదని వారి వాదము. ఇది కక్ష కాదు, గణితము. బలవంతులను ఏఱి యెక్కించిన పడవ మునుగలేదని చెప్పినచో అది పడవ గొప్పయో, ఎక్కినవారి యీతయో యెట్లు తేలును? ఐనను తల్లి మేని స్పర్శ యెంచదగిన విషయమే యని వారును ఒప్పుకొనిరి.

ఈ సంశయమునకు జవాబు చెప్పవలెనన్న నొకటే మార్గము. చీట్లు వేసినట్లు శిశువులను రెండు పక్షములుగా విడదీసి, ఒక పక్షమునకు కట్టు, మఱొక పక్షమునకు ఇంక్యుబేటరు ఇచ్చి, ఇరువురిని సమముగా లెక్కించుట. బొగోటాలోనే నథాలీ షార్పాక్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 1993 మొదలు 1996 వఱకు 746 మంది శిశువులతో ఈ పని చేసిరి. కట్టు పక్షమున మరణములు తక్కువయే యుండెనుగాని, ఆ భేదము కాకతాళీయము కాదని నిశ్చయించునంతటిది కాదు. ఐతే కట్టు హాని చేయదనియు, శిశువులు త్వరగా నింటికి పోగలరనియు తేలెను. ఆ శిశువులను వారు మఱచిపోలేదు. ఇరువది సంవత్సరముల పిమ్మట, వారు యువకులైన తరువాత, మరల వెదకి పరీక్షించి, కట్టులో పెరిగినవారు పాఠశాలకు ఎగవేయుట తక్కువగాను, కోపోద్రేకములు తక్కువగాను ఉన్నట్లు కనుగొనిరి. హాజరుపట్టీలు వ్రాయు ఉపాధ్యాయులకు ఈ యంశము నచ్చునని తలంతుము.

ఆఫ్రికా ఖండమందలి జింబాబ్వే దేశమున మనామా యను నొక మిషను ఆసుపత్రి యున్నది. అప్పుడు అచ్చట ఇంక్యుబేటరులు లేకుండెను. నిల్స్ బెర్గ్‌మన్ అను వైద్యుడును, ఆగ్నెటా యూరిసూ అను నామెయు 1988వ సంవత్సరమున ఇంక్యుబేటరు కొఱకు ఎదురుచూడక, జనించిన వెంటనే శిశువులను తల్లి ఱొమ్ముమీద నుంచిరి. బొగోటాకును దీనికిని గల భేదమును చదువరులు గుర్తింతురుగాక: బొగోటావారు గండము గడచిన పిమ్మట కట్టిరి, మనామావారు గండములోనే కట్టిరి. ఒకటిన్నర కిలోగ్రాముకంటె తక్కువ బరువుగల శిశువులలో అదివఱకు నూటికి 10 మంది బ్రతుకుచుండగా, ఆ మీదట 50 మంది బ్రతికిరి. చీట్లు వేసి చేసిన పరీక్ష కాదు గావున దీనిని ఋజువనరాదు. కాని వినినవారిని నిద్రపోనీయని సంగతి.

ఋజువు వచ్చుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టెను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఘానా, భారతదేశము, మలావి, నైజీరియా, టాంజానియా యను అయిదు దేశములలో ఒక్కొక్క ఆసుపత్రి నెన్నుకొని, 2017వ సంవత్సరాంతమున పరీక్ష మొదలిడిరి. మన దేశమున నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. ఒక కిలోగ్రాము మొదలు 1.799 కిలోగ్రాముల వఱకు బరువుగల 3,211 మంది శిశువులను చీట్లు వేసి విడదీసిరి. ఒక పక్షమువారికి, ఆనాటి మర్యాద ప్రకారము, స్థిమితపడిన తరువాత కట్టు. మఱొక పక్షమువారికి జనించిన వెంటనే, ఊపిరి యంత్రసహాయము నడుచుచుండగనే, కట్టు. తల్లి లేవలేని స్థితిలో నున్నచో బంధువురాలొకతె యా పని పూనెను. ఇందులకై శిశువుల గదిలోనే తల్లులకు మంచములు వేయించిరి. ఇది చిన్నమార్పు కాదు, గాజుతలుపు తెఱచుటయే. మొదటి పక్షపు శిశువులు ఆ గదిలో దినమునకు గంటన్నర మాత్రమే యెవరి మేని వెచ్చదనమునైనను పొందగా, రెండవ పక్షమువారు సుమారు 17 గంటలు పొందిరి. 28 దినములలోపల మొదటి పక్షమున నూటికి 15.7 గురును, రెండవ పక్షమున 12 గురును మరణించిరి. అనగా నిరువది యేడుగురికి వెంటనే కట్టు కట్టినచో నొక బిడ్డ యధికముగా దక్కుచున్నాడు. రక్తమందు విషము చేరు జబ్బును, మేను చల్లబడుటయు తగ్గెను. భేదము స్పష్టముగా కనబడినందున పర్యవేక్షకులు 2020వ సంవత్సరమున ఆ పరీక్షను మధ్యలోనే నిలిపివేయించిరి. మేలు తెలిసిన పిమ్మట సగముమంది శిశువులకు దానిని నిరాకరించుట న్యాయము కాదుగదా. ఫలితములు 2021వ సంవత్సరమున ప్రకటింపబడెను. స్థిమితపడువఱకు ఆగవలెనను నియమము అప్పటితో వీగిపోయెను. 2022లో ఆ సంస్థవారు తమ యుత్తరువును మార్చుకొనిరి.

మఱొక పరీక్షను ఇచ్చట చెప్పక విడువరాదు, ఏలయన నది మన దేశపు గ్రామములలో జరిగినది. హర్యానాలో 8,402 మంది తక్కువ బరువు శిశువులను తీసికొని, వారిలో ఒక పక్షపు తల్లులకు ఇండ్లయందే కట్టు నేర్పిరి. ఆరోగ్య కార్యకర్తలు గుమ్మములకు పోయి నేర్పి, మరలమరల వచ్చి చూచిరి. మొదటి 28 దినములలో మరణములు నూటికి 30 వంతులు తగ్గినట్లు 2019వ సంవత్సరమున ప్రకటించిరి. వీరు అంతగా జబ్బుపడని శిశువులు. మిక్కిలి చిన్నవారికి, ఊపిరి తడబడువారికి, ఇల్లు చాలదు. కట్టు ఆసుపత్రికి బదులు కాదు. ప్రాణవాయువును, మందులను, గొట్టముతో పాలు పట్టు నేర్పును తల్లి ఱొమ్ము ఈయజాలదు. ఆసుపత్రికి పోవు దారిలో మాత్రము దీనికంటె మంచి బండి లేదు. బిడ్డను ఎడముగా బట్టలలో చుట్టి తీసికొనిపోవుటకంటె ఱొమ్మున కట్టుకొని పోవుట మేలు.

ఇంత సులభమైనది, ఖర్చు లేనిది, మఱి యేల అంతట వ్యాపింపలేదు? ఖర్చు లేదనుటయే పొరపాటని మా యభిప్రాయము. రూకలు ఖర్చు కావు, తల్లి గంటలు ఖర్చగును. దినమునకు పదునేడు గంటలు బిడ్డను మోయు స్త్రీ వంట చేయలేదు, నీళ్లు తేలేదు, బట్టలుతుకలేదు, కూలికి పోలేదు, పెద్దపిల్లలకు తల దువ్వలేదు. ఆ పనులు మఱొకరు చేయనినాడు రెండవ దినముననే కట్టు విప్పబడును. నేర్పిన నర్సు నేర్పినట్లే యుండును. కావున ఈ విధానము తల్లికి మాత్రము చెప్పదగినది కాదు. అత్తగారికి చెప్పవలయును, భర్తకు చెప్పవలయును, ఇంటిలో పెద్దపిల్లలున్న వారికిని చెప్పవలయును. ఈ సంచికను చదువుచున్న మా పై తరగతుల బాలురు నీళ్లబిందె మోయుట నామోషీ యనుకొనకున్న నొక చెల్లెలో తమ్ముడో బ్రతుకవచ్చును.

తండ్రియు కట్టుకొనవచ్చునా? నిస్సందేహముగా. పాలు తప్ప తక్కిన దంతయు తండ్రి ఱొమ్మును ఈయగలదు. అమ్మమ్మ, నాయనమ్మ, పినతల్లి, మేనత్త, ఎవరైనను ఆరోగ్యవంతులై, చేతులు శుభ్రముగా కడుగుకొన్నవారైనచో తల్లి స్నానము చేయునప్పుడును భుజించునప్పుడును బిడ్డ నందుకొనవచ్చును. పురుటి దినములలో తల్లిని బిడ్డను ఒక గదిలో కదలనీయక యుంచు మన యాచారమందు ఈ విధానమునకు అనుకూలమైన భాగము లేకపోలేదు: తల్లికి పని చెప్పరు, బిడ్డ ప్రక్కననే యుండును. ప్రతికూలమైనది మైల పేర తక్కినవారు తాకకుండుట. తండ్రి గుమ్మము దాటకుండుట. మొదటి భాగమును నిలుపుకొని రెండవదానిని విడుచుట పెద్దల వివేకమునకు మించినది కాదు.

మఱికొన్ని యలవాట్లు స్పష్టముగా హానికరములు. జనించిన వెంటనే నీళ్లు పోయుట వలన చిన్నబిడ్డ మేని వేడి నిమిషములలో దిగిపోవును. మొదటి దినము గడువక స్నానము తగదు, నెలలు నిండని బిడ్డకు అంతకంటెను ఆలస్యము చేయుట మంచిది. మంచము క్రింద నిప్పుల కుంపటి యుంచుటయు, సాంబ్రాణి పొగ వేయుటయు పక్వము కాని ఊపిరితిత్తులకు శత్రువులు. కట్టుకొన్న తల్లి యున్నచోట కుంపటితో పనియే లేదు. తల్లి మొదటి పాలైన ముఱ్ఱుపాలను పిండి పాఱబోసి తేనెయో పంచదారనీళ్లో నాకించుట మఱొకటి. చిక్కని యా పసుపువన్నె పాలు చెంచాడైనను చాలు. రోగములతో పోరాడు పదార్థములు వానియందే మెండు.

కట్టులో నున్న బిడ్డ ఊపిరి ఆగియాగి వచ్చినను, పెదవులు నీలివన్నెకు తిరిగినను, పాలు మానివేసినను, మేను కట్టులోనే చల్లబడినను, మిక్కిలి కాగినను, పచ్చబడినను, కాలుచేతులు కొట్టుకొనినను ఆ గడియననే వైద్యశాలకు తీసికొనిపోవలయును. ఊపిరి ఆగినట్లు తోచినప్పుడు అఱికాలిని గాని వీపును గాని వ్రేలితో రాచుట వలన తఱచు మరల ఊపిరి తీయును. తీసినను వైద్యునికి చూపక మానరాదు.

ఎన్నాళ్లు కట్టవలయునను ప్రశ్నకు గ్రంథములలో సుమారు రెండున్నర కిలోగ్రాముల బరువు వచ్చువఱకు, లేక నెలలు నిండవలసిన తేది వచ్చువఱకు అని యున్నది. కాని లెక్కలకంటె ముందుగా బిడ్డయే తెలుపును. అంతవఱకు ఱొమ్మున నొదిగి నిద్రించిన శిశువు ఒకనాడు మోకాళ్లు చాచి తన్నును, చేతులు వెలికి లాగుకొనును, తల యెత్తి యటునిటు చూడబోవును. తల్లి మరల కట్టబోయినప్పుడెల్ల గట్టిగా నేడ్చును. అప్పుడు కట్టు విప్పి, బిడ్డకు చొక్కా తొడిగి, ప్రక్కన పరుండబెట్టుకొనవలసినదే.